దారి హక్కు, ఇంటి హక్కు

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయనే పగటిని జీవనోపాధికి, రేయిని విశ్రాంతికి ఏర్పరచాడు. ఆయననే మనం స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన పాపాల మన్నింపును ఆయననే వేడుకుంటున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, వారి కుటుంబీకుల పైన, ప్రియ సహచరులందరి పైన శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.

గౌరవనీయులైన ధార్మిక సోదరులారా!

అన్నిటికంటే ముందు అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని మాకు మేము, ఆ తరువాత మీకు హితవు చెబుతున్నాము. భయభక్తులు నమాజుకు, ఉపవాసానికి మాత్రమే సంబంధించినవి కావు. మనం ఎవరి చేత ఎన్ని గంటలు పని చేయిస్తున్నామో, ఎవరిని ఎన్నాళ్ళు వారి ఇంటికి దూరంగా ఉంచుతున్నామో, ఆ లెక్కలో కూడా భయభక్తులు ఉండాలి. ఈ శుక్రవారం మనం లారీ డ్రైవర్లు దారిలో గడిపే కాలాన్ని గురించి, ఇంటిలో గడపవలసిన కాలాన్ని గురించి మాట్లాడుకుందాము.

ఇది మింబర్ మీద చెప్పవలసిన విషయమేనా అని కొందరికి సందేహం కలగవచ్చు. కర్నూలు, కడప, గుంటూరు, విజయవాడ వంటి పట్టణాలలో మన ముహల్లాలను ఒకసారి తలచుకోండి. స్టీరింగు పట్టి ఇల్లు పోషించే సోదరుడు లేని వీధి ఉన్నదా? క్లీనరుగా బయలుదేరి డ్రైవరై, అప్పు చేసి ఒక లారీ కొని, తరువాత నాలుగు లారీలకు యజమాని అయినవారు కూడా మనలోనే ఉన్నారు. డ్రైవరు, యజమాని ఒకే సఫ్‌లో భుజానికి భుజం కలిపి నిలబడుతున్నారు. కనుక ఇది మన ఇంటి విషయమే, మన హిసాబు విషయమే.

సోదరులారా! కొంతకాలం క్రితం మన జమాఅతులోని ఒక వృద్ధురాలు మరణించారు. జనాజా నమాజు చేయించినది మేమే. ఆమె పెద్ద కుమారుడు సఫ్‌లో లేడు. అతడు గుంటూరు మిర్చి లోడుతో కోల్‌కతా వెళ్ళి, సరుకు దింపి, రిటర్న్ లోడు కోసం ఎదురు చూస్తూ ఉన్నాడు. తల్లికి జబ్బు ముదిరిందని కబురు అందిన నాడే ఇంటికి వస్తానని యజమానిని అడిగాడు. లోడు దొరకగానే బండితోనే వచ్చేయమని జవాబు వచ్చింది. లోడు రెండు రోజులు దొరకలేదు. అతడు ఊరు చేరేసరికి ఖబ్రు మీద మట్టి ఆరిపోయింది. ఆ సాయంత్రం అతడు ఒక్కడే ఖబరస్తాన్‌లో చాలాసేపు నిలబడి ఉండటం మేము చూశాము.

ఆ యజమాని పేరు మేము చెప్పము. ఆయన కూడా నమాజీయే, జకాత్ చెల్లించేవాడే. ఆయన కఠిన హృదయుడు కాడు. ఆయనకు ఫైనాన్సు కిస్తీ తేదీ గుర్తుంది, సరుకు చేర్చవలసిన తేదీ గుర్తుంది, బండికి పర్మిట్టు ముగిసే తేదీ గుర్తుంది. డ్రైవరు ఇంటికి చేరవలసిన తేదీ మాత్రం ఆయన పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. నిజం చెప్పాలంటే ఆ తప్పు ఆయన ఒక్కడిది కాదు. ఇరవై రోజులుగా ఒక సోదరుడు సఫ్‌లో కనిపించకపోతే అతడు ఎక్కడున్నాడని మేము కూడా అడగలేదు.

దీని గురించి మన ధర్మం ఏమంటున్నదో చూద్దాము.

మొదటి మాట. ఉపాధి కోసం చేసే ప్రయాణం గౌరవప్రదమైనది. ముజ్జమ్మిల్ సూరా చివరి ఆయత్‌లో అల్లాహ్ రాత్రి నమాజు విషయంలో విశ్వాసులకు సౌలభ్యం కలిగించాడు. అందుకు కారణాలు చెబుతూ రోగులను, తన మార్గంలో పోరాడేవారిని, వారితోపాటే తన అనుగ్రహాన్ని అన్వేషిస్తూ భూమిలో ప్రయాణించేవారిని ప్రస్తావించాడు. పొట్టకూటి ప్రయాణానికి అల్లాహ్ గ్రంథంలో అటువంటి స్థానం లభించింది. జుముఆ సూరా కూడా నమాజు ముగిసిన తరువాత భూమిలో వ్యాపించి ఆయన అనుగ్రహాన్ని వెదకండని బోధిస్తున్నది. కనుక డ్రైవరు వృత్తిని చిన్నచూపు చూసే హక్కు మనలో ఎవరికీ లేదు. మన వంటింటిలోని బియ్యం, ఉప్పు, పప్పు అన్నీ ఎవరో ఒకరు నిద్ర మానుకొని చేరవేసినవే.

రెండవ మాట. ప్రయాణానికి ఒక హద్దు ఉన్నది. ప్రయాణం యాతనలో ఒక భాగమనీ, అది మనిషికి సరైన తిండిని, నీటిని, నిద్రను దక్కనివ్వదనీ, వచ్చిన పని నెరవేరగానే త్వరగా ఇంటివారిని చేరుకోవాలనీ దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉన్నది. గమనించండి, ప్రవక్త (సఅసం) ప్రయాణాన్ని వద్దనలేదు. పని ముగిసిన క్షణం నుండి మనిషి మీద ఇంటి హక్కు మొదలవుతుందని మాత్రం తెలియజేశారు.

హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి) వృత్తాంతం కూడా బుఖారీలో ఉన్నది. ఆయన, ఆయన వయసువారైన మరికొందరు యువకులు ధర్మం నేర్చుకొనడానికి మదీనా వచ్చి ఇరవై రాత్రులు దైవప్రవక్త (సఅసం) సన్నిధిలో గడిపారు. తమకు ఇల్లు గుర్తుకు వస్తున్నదని వారు నోరు తెరచి అడగలేదు. ప్రవక్తే (సఅసం) దానిని గ్రహించారు. ఇంటి వద్ద ఎవరెవరిని విడిచి వచ్చారని విచారించారు. తరువాత వారిని తమ కుటుంబాల వద్దకు తిరిగి వెళ్ళమన్నారు. వారు ఉన్నది మస్జిదె నబవీలో, నేర్చుకుంటున్నది ధర్మం, నేర్పుతున్నది స్వయంగా దైవప్రవక్త. అంతటి శుభకరమైన స్థలం నుండి కూడా, మీ ఇంటివారు ఎదురు చూస్తుంటారు వెళ్ళండని పంపిన ప్రవక్త మన ప్రవక్త. అలాంటప్పుడు ఒక లారీ యార్డులో రిటర్న్ లోడు కోసం మనిషిని రోజుల తరబడి కూర్చోబెట్టేవారు ఏ ఆదర్శాన్ని అనుసరిస్తున్నట్లు?

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఒక రాత్రి మదీనా వీధులలో తిరుగుతూ, సైన్యంలో ఉన్న భర్త కోసం ఒక స్త్రీ పడుతున్న వేదనను విన్నారు. తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) వద్దకు వెళ్ళి స్త్రీ భర్తకు దూరంగా ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. ఆమె చెప్పిన గడువును బట్టి సైనికులను అంతకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆజ్ఞ జారీ చేశారు. ఆ గడువు కొన్ని ఉల్లేఖనాలలో నాలుగు నెలలని, కొన్నింటిలో ఆరు నెలలని ఉన్నది. ఒక ఇంటి కన్నీరు రాజ్య నిబంధనగా మారింది. ఉమర్ (రజి) జాలిపడి ఊరుకోలేదు, తేదీ నిర్ణయించారు. జాలి మరునాటికి మరుగున పడుతుంది, రాసి పెట్టుకున్న తేదీ నిలుస్తుంది.

మూడవ మాట నిద్రను గురించి. నిద్రను విశ్రాంతి సాధనంగా చేశానని అల్లాహ్ నబా సూరాలో తన అనుగ్రహాలలో ఒకటిగా పేర్కొన్నాడు. నమాజులో ఎవరికైనా కునుకు వస్తే నిద్ర తీరేవరకు పడుకోవాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ మగతలో మన్నింపు కోరబోయి తనను తానే శపించుకునే ప్రమాదం ఉన్నదని కారణం కూడా చెప్పారు. కునుకుపాటు వస్తే ఆరాధననే ఆపమన్న ధర్మం, ఆ కునుకుతో ఇరవై టన్నుల బరువును రోడ్డు మీద నడపడాన్ని ఎలా అనుమతిస్తుంది? నమాజులో తడబడితే నాలుక తప్పుతుంది. స్టీరింగు వద్ద తడబడితే ప్రాణాలు పోతాయి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే లారీ మూడు సెకన్లలో 50 మీటర్లు ముందుకు పోతుంది. డ్రైవరు కళ్ళు మూసుకుపోయిన ఆ మూడు సెకన్లలో, ఆ 50 మీటర్లలో ఒక ఆటో ఉండవచ్చు, బడి పిల్లవాడు ఉండవచ్చు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. ఈ మరణాలన్నీ నిద్రలేమి వల్ల కలిగినవి కావు, అన్నింటికీ లారీలు కారణం కావు. అయినా నిద్రలేని డ్రైవరును దారి మీదికి పంపేవాడు ఆ లెక్కకు మరొక ప్రాణాన్ని చేర్చే పని చేస్తున్నాడు. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవులను చంపడంతో సమానమని మాయిదా సూరా హెచ్చరిస్తున్నది.

నిద్రను జయించగలనని గర్వించే సోదరులు ఖైబర్ నుండి తిరుగు ప్రయాణాన్ని తలచుకోవాలి. రాత్రంతా ప్రయాణించి అలసిన దైవప్రవక్త (సఅసం) తెల్లవారుజామున మజిలీ చేసి, ఫజ్ర్ వేళకు లేపవలసిన బాధ్యతను హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించారు. బిలాల్ (రజి) మేలుకొని ఉండటానికి ప్రయత్నించారు. చివరకు ఆయనను కూడా నిద్ర కమ్మింది. ఎండ తగిలిన తరువాతనే అందరూ లేచారు. బిలాల్ (రజి) కంటే గట్టి సంకల్పం గలవాడిని ఎవరిని చూపగలము? దేహానికి అల్లాహ్ పెట్టిన హద్దు అది. దానిని టీతోనో, గుట్కాతోనో, మాత్రలతోనో దాటాలని చూడటం సాహసం కాదు, తన మీద తాను చేసుకునే అన్యాయం. నిన్ను నీవు వినాశనంలో పడవేసుకోవద్దన్న దైవాదేశానికి అది వ్యతిరేకం.

ఇప్పుడు యజమానులైన సోదరులతో ప్రత్యేకంగా మాట్లాడుతున్నాము.

మన దేశపు చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2025 వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పని కాలాన్ని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలుగా నిర్ణయించింది. దూర ప్రయాణాల వంటి సందర్భాలలో కూడా రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు మించరాదన్నది. 5 గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి, ఏడు రోజులలో ఒక రోజు సెలవు ఇవ్వాలన్నది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షను డ్రైవర్ల పని గంటలను ఇదే కొలతకు ముడిపెట్టింది. ధర్మానికి విరుద్ధం కాని చట్టాన్ని, అందునా బలహీనుడిని కాపాడే చట్టాన్ని పాటించడం మన బాధ్యత.

ఈ కొలతతో ఒక ట్రిప్పును లెక్క వేద్దాము. విజయవాడ నుండి కోల్‌కతా సుమారు 1,200 కిలోమీటర్లు. లోడు లారీ టోల్‌గేట్లు, ఊళ్ళు దాటుకుంటూ గంటకు సగటున 40 కిలోమీటర్లు పోతుందనుకుంటే, స్టీరింగు పట్టవలసిన కాలం 30 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున దాదాపు నాలుగు రోజులు, 10 గంటల చొప్పున మూడు రోజులు పడుతుంది. సరుకు రెండు రోజులలో చేరుతుందని వ్యాపారికి మాట ఇచ్చిన యజమాని ఒక్క డ్రైవరు చేత రోజుకు 15 గంటలు బండి నడిపించడానికి ఒప్పుకున్నట్లే. ఆ మాట ఇచ్చేటప్పుడు ఆయన తన సొమ్ము ఖర్చు పెట్టడం లేదు, మరొకరి నిద్రను ఖర్చు పెడుతున్నాడు. రెండు రోజులలో చేర్చక తప్పని సరుకు అయితే బండి మీద ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. ఆ రెండవ డ్రైవరు బత్తా కిరాయిలో కలిపి అడగాలి. అడగడానికి సంకోచించి ఆ భారాన్ని డ్రైవరు కంటిరెప్పల మీద మోపకూడదు.

పోవడానికి నాలుగు రోజులు, రావడానికి నాలుగు రోజులు, సరుకు దింపి తిరిగి నింపడానికి రెండు మూడు రోజులు, మొత్తం పది పదకొండు రోజులు. కనుక బండి కదలకముందే ఫలానా తేదీకి ఇంటికి చేరతావు, ఆ తరువాత పూర్తిగా రెండు రోజులు ఇంటి వద్ద ఉంటావు అని చెప్పి, ఆ తేదీని ట్రిప్పు పుస్తకంలో రాయండి. ఆ తేదీని కిస్తీ తేదీని గౌరవించినట్లు గౌరవించండి. రిటర్న్ లోడు కోసం ఇన్ని రోజులకు మించి ఆగనవసరం లేదని ముందే హద్దు పెట్టండి. కాచుకున్న రోజులకు కూడా బత్తా ఇవ్వండి. ట్రిప్పుల లెక్కన మాత్రమే సొమ్ము ఇస్తే, నిద్రపోయిన ప్రతి గంటా నష్టమనే భావన డ్రైవరులో మనమే కలిగించినవారమవుతాము. ఇంట్లో జబ్బు, మరణం వంటివి సంభవిస్తే బండిని ఉన్న చోటనే నిలిపి, మరొకరిని పంపి, డ్రైవరును రైలు ఎక్కించండి. ఆ ఖర్చు మీ సత్కార్యాల త్రాసులో తూగుతుంది.

ఖసస్ సూరాలో మద్‌యన్ వృద్ధుడు హజ్రత్ మూసా (అలై)ను పనిలో పెట్టుకున్న సందర్భాన్ని చదవండి. ఎనిమిది సంవత్సరాలని గడువు ముందే స్పష్టంగా చెప్పాడు. పది పూర్తి చేయడమన్నది మూసా (అలై) ఇష్టానికి విడిచాడు. తనకు ఆయనను కష్టపెట్టాలని లేదని కూడా చెప్పాడు. మంచి యజమాని లక్షణాలు మూడూ అక్కడే ఉన్నాయి: గడువు స్పష్టం, అదనపు పని ఐచ్ఛికం, కష్టపెట్టే ఉద్దేశం లేకపోవడం. మీ చేతి కింద పనిచేసేవారి మీద శక్తికి మించిన భారం వేయవద్దనీ, వేస్తే మీరు కూడా చేయి కలపాలనీ ప్రవక్త (సఅసం) ఉపదేశించారు. ఒక అన్సారీ తోటలో ఒంటె ఆయనను చూసి కన్నీరు కార్చినప్పుడు, తిండి పెట్టక విపరీతంగా పని చేయించి అలసట పాలు చేస్తున్నాడని దాని యజమానిని మందలించారు. నోరు లేని పశువు ఫిర్యాదును విన్న ప్రవక్త (సఅసం) ముందు, రేపు నోరున్న మనిషి ఫిర్యాదు చేస్తే మనం ఏ ముఖంతో నిలబడగలము?

డ్రైవరు సోదరులారా! మీ మీద కూడా హక్కులు ఉన్నాయి. మీ దేహానికి మీ మీద హక్కు ఉన్నది, మీ కంటికి హక్కు ఉన్నది, మీ భార్యకు హక్కు ఉన్నది. ప్రవక్త (సఅసం) ఈ మాటను ఆరాధనలో అతిగా మునిగిన తమ సహచరునికి చెప్పారు. అదనపు ట్రిప్పు సొమ్ము కోసం ఇంటిని మరచినవారికి అది ఇంకెంత వర్తిస్తుంది! నిద్ర వస్తున్నదని యజమానికి చెప్పడం చిన్నతనం కాదు, అమానతు. రాత్రి మజిలీ చేసేటప్పుడు దారి మీద చేయవద్దని కూడా ప్రవక్త (సఅసం) చెప్పారు. అది జంతువులు తిరిగే చోటని అందుకు కారణం తెలిపారు. హైవే అంచున దీపాలు లేకుండా లారీ నిలిపి పడుకునే ముందు ఆ మాట గుర్తు చేసుకోండి. వెనుక నుండి వచ్చే మోటారు సైకిలు మనిషికి మీ బండి చీకటిలో కనిపించదు.

నమాజు విషయంలో అల్లాహ్ మీకు సౌలభ్యం ఇచ్చాడు. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు తగ్గని ప్రయాణానికి బయలుదేరి ఊరి పొలిమేర దాటినవారు జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులను నాలుగుకు బదులు రెండు రకాతులుగా చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథంగా ఉంటాయి. ప్రయాణికునికి జుముఆ విధి కాదు, ఆయన జుహర్ చేసుకోవచ్చు. సౌలభ్యం ఉన్నది కనుక నమాజునే వదిలివేయకండి. ప్రయాణికుని దుఆ స్వీకరించబడుతుందన్న శుభవార్త కూడా మీకున్నది.

ఇంటికి చేరిన రెండు రోజులను కూడా కాపాడుకోండి. దైవప్రవక్త (సఅసం) ప్రయాణం నుండి రాగానే ముందు మస్జిదుకు వెళ్ళి రెండు రకాతుల నమాజు చేసేవారు. చాలాకాలం తరువాత వచ్చేవారు అర్ధరాత్రి వేళ హఠాత్తుగా ఇంటి తలుపు తట్టరాదని కూడా ఉపదేశించారు. కనుక ముందుగా ఫోను చేయండి. మొదటి రోజు నిద్ర తీరేవరకు పడుకోండి. రెండవ రోజు ఫోను పక్కన పెట్టి పిల్లల బడి పుస్తకాలు చూడండి, తల్లిదండ్రుల మందుల చీటీ చూడండి, భార్య ఇన్నాళ్ళు ఒంటరిగా మోసిన బాధ్యతలను వినండి. ఇంటికి వచ్చి స్నేహితుల మధ్యనే గడిపినవాడు దారి మీద ఉన్నవాడితో సమానమే.

కుటుంబీకులకు ఒక విన్నపం. ఇంకొక ట్రిప్పు వేస్తే ఫ్రిజ్ కొనవచ్చు, వలీమా ఘనంగా చేయవచ్చు అని ఇంటి నుండే ఒత్తిడి వస్తే ఆ సోదరుడు ఎవరితో మొరపెట్టుకోవాలి? బండి నడుపుతున్నప్పుడు ఫోనులో తగవులు పెట్టకండి. అతడు క్షేమంగా తిరిగి రావడమే మీ ఇంటికి అన్నిటికంటే పెద్ద సంపాదన.

సరుకు పంపే వ్యాపారులు, దింపించుకునే గోడౌను సోదరులు కూడా వినాలి. మీ హమాలీలు రాలేదని, స్థలం లేదని లారీని రెండు రోజులు వాకిట నిలిపితే, ఆ రెండు రోజులు మరొకరి పిల్లల నుండి మీరు తీసుకున్నవే. ఇక రహదారి పక్క మస్జిదుల కమిటీలకు మా మనవి: వుజూఖానా తలుపు, నీటి కుళాయి, ఒక చాప పరిచేంత నీడ దారిన పోయేవారికి అందుబాటులో ఉంచండి. వచ్చినవాడు మన ఊరివాడా, మన మతంవాడా అని చూడకండి. ఖుర్ఆన్ బాటసారి హక్కును బంధువుల హక్కు, నిరుపేద హక్కుల సరసన నిలిపింది.

ఈ మాటలు చెప్పి, మాకూ మీకూ యావత్తు ముస్లింలకూ అల్లాహ్ మన్నింపును అర్థిస్తున్నాము. మీరు కూడా ఆయన మన్నింపును కోరుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త (సఅసం) పైన శాంతి శుభాలు కురియుగాక!

సోదరులారా! ఈ రోజు మస్జిదు నుండి వెళ్ళే ముందు మనలో ప్రతి ఒక్కరూ ఒక్క పని నిశ్చయించుకుందాము. యజమాని తన పుస్తకంలో ప్రతి డ్రైవరు పేరు ఎదుట ఇంటికి చేరే తేదీ రాయాలి. డ్రైవరు నిద్ర వచ్చినప్పుడు బండి ఆపుతానని సంకల్పించాలి. మేము కూడా ఒకటి నిశ్చయించుకున్నాము. మన జమాఅతులో దారి మీద ఉన్న సోదరుల జాబితా మస్జిదులో ఉంచుతాము. వారి ఇళ్ళలో జబ్బు, కష్టం వస్తే ముందుగా కబురు మాకు చేరాలి. వారు లేని చోట మనం నిలబడాలి. మరొక తల్లి జనాజాలో కొడుకు స్థానం ఖాళీగా ఉండకూడదు.

ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ప్రవక్త (సఅసం) నేర్పిన దుఆలో ప్రయాణంలో తోడుగా, ఇంటివారికి సంరక్షకునిగా అల్లాహ్‌నే కోరడం ఉన్నది. ఆయన దారినీ ఇంటినీ ఏకకాలంలో చూసేవాడు. మనకు ఆ శక్తి లేదు. కనుకనే మనకు లెక్క అవసరం, హద్దు అవసరం, తిరిగి వచ్చే తేదీ అవసరం.

ఓ అల్లాహ్! ఈ క్షణాన దారి మీద ఉన్న మా సోదరులందరినీ, వారి ఎదురుగా వచ్చేవారిని, వారి వెనుక వచ్చేవారిని కాపాడు. వారి కళ్ళకు మెలకువను, వారి ఉపాధిలో శుభాన్ని ప్రసాదించు. వారి కోసం ఎదురు చూస్తున్న తల్లులకు, భార్యలకు, పిల్లలకు ఓర్పునివ్వు, వారిని క్షేమంగా ఒకచోట చేర్చు. మా యజమానుల హృదయాలలో న్యాయాన్ని, మా చేతులలో ఔదార్యాన్ని నింపు. దారి మీద మరణించినవారిని మన్నించు, వారి అనాథలకు నీవే ఆసరాగా నిలువు. కడసారి చూపు దక్కని కుమారుల దుఆలను వారి తల్లుల ఖబ్రులకు వెలుగుగా చేర్చు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.